తొవ్వ లేనిదే కరెంటు రాదు
(విద్యుత్ ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బొగ్గు ఎవరిది, ప్లాంటు ఎక్కడ పెట్టిండ్రు, వాటా ఎంత అని మనం ఏండ్ల తరబడి కొట్లాడినం. ఆ కొట్లాట న్యాయమైందే. ఇవాళ తయారైన కరెంటు మనదాకా వచ్చే తొవ్వ గురించి మాట్లాడుకుందాం.

రాష్ట్రాల మధ్య పెద్ద లైన్ల కోసం కేంద్రం 1989లో పవర్‌గ్రిడ్‌ను పెట్టింది. కానీ దక్షిణాది గ్రిడ్ చాన్నాళ్లు విడిగానే ఉన్నది. మన రామగుండాన్ని మహారాష్ట్రతో కలిపే భద్రావతి లింకు సామర్థ్యం 1000 మెగావాట్లే. అసొంటి లింకులు ఇంకొన్ని, అంతే. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలితే మనం చీకట్ల పడలేదు. విడిగా ఉండుడే దానికి కారణం. కానీ ఆ విడితనమే అవతలి మిగులు కరెంటును మనదాకా రానియ్యలే. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది దేశ గ్రిడ్‌ల కలిసింది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కరెంటుల 53.89 శాతం వాటా వచ్చింది. అయినా సరిపోలే. బయట కొందామంటే కారిడార్ దొరకలే. 2015ల ఛత్తీస్‌గఢ్‌తో 1000 మెగావాట్లకు ఒప్పందమైనా, ఆ కరెంటు రావాలంటే వార్ధా–నిజామాబాద్–మహేశ్వరం లైను కావాల్సి వచ్చింది. 2018 జనవరి 1 నుంచి బాయికాడి మోటరుకు 24 గంటల కరెంటు ఇచ్చిండ్రంటే, అందుల ఈ లైన్ల పాత్ర ఉన్నది. కాగితం మీది వాటా పొలానికి పారాలంటే తీగ ఉండాలె.

అందుకే జాతీయ ట్రాన్స్‌మిషన్ సంస్థ బలపడుడు మన సమస్యే. 2021 ఏప్రిల్‌ల లైన్ల ప్రణాళిక పనిని పవర్‌గ్రిడ్ నుంచి తీసి దాని అనుబంధ సంస్థ సీటీయూకు అప్పగించిండ్రు. లైన్లకు టెండర్ల పోటీ పడే కంపెనీయే ఏ లైను కావాల్నో చెప్పుడు సరికాదు గనుక, ఇది మంచి అడుగే. కానీ తల్లి కంపెనీ నీడల ఉన్నన్ని దినాలు అది సగం స్వేచ్ఛే.

మనం అడిగేది మూడు. ప్రణాళిక సంస్థ పూర్తిగా స్వతంత్రంగా, ప్రభుత్వ రంగంలనే ఉండాలె. దానికి సొంత ఇంజినీర్లుండాలె. లైను గీత గీయకముందే రాష్ట్రాల మాట వినాలె. టవర్ కింద భూమి పోయిన రైతుకు పని మొదలుకాకముందే న్యాయమైన పరిహారం అందాలె.

ఉద్యోగులు లెక్కలు చెప్పాలె. విద్యార్థులు వాటిని ఊరూరికీ తీసుకపోవాలె. రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం, తొవ్వ కూడా తెచ్చుకుందాం.

జై తెలంగాణ!