ఇంటి ప్లానులో మగ్గానికీ చోటుండాలి

నేను ఎనిమిదో క్లాసు చదివినవాణ్ణి. ఉపన్యాసాలు రావు. మా ఇంటి సంగతి ఒకటి చెప్పి కూర్చుంటాను.

మాది పాత పెంకుటిల్లు. ముందు అరుగు, తర్వాత మగ్గం గది, వెనక వంటిల్లు, పెరడు. రెండు పక్కలా ఉమ్మడి గోడలే. గంజాం జిల్లాలో మన వీధుల్లో ఇళ్ళు ఇంచుమించు అన్నీ ఇంతే, వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ఎవరి అరుగూ పక్కవాళ్ళ అరుగు దాటి ముందుకొచ్చేది కాదు. వస్తే పడుగు సాగదియ్యడానికి వీధి చాలదు. ఇది ఏ ఆఫీసూ రాసింది కాదు, మన పెద్దల కట్టుబాటు.

ఇప్పుడు కట్టుబాటు కాగితం మీదికి వచ్చింది. బరంపురం 1867లో మునిసిపాలిటీ, 2008లో కార్పొరేషన్ అయింది. ఇల్లు కట్టాలంటే ప్లాను పాసవ్వాలి. స్థలమెంత, రోడ్డెంత అని చూసి ముందు ఎంత వదలాలో, ఎంత ఎత్తు కట్టాలో ఒడిశా ప్రభుత్వం 2020 రూల్సులో ఉంది. గాలీ వెలుతురూ రావాలి, నిప్పంటుకుంటే బండి రావాలి. అది తప్పని నేననను.

తప్పు నాది. శ్లాబు ఇల్లు కట్టినప్పుడు ముందు కొంత వదలమన్నారు, వదిలాను. మిగిలిన చోట్లో ప్లాను గీసినతను హాలు, రెండు గదులు, మెట్లు గీశాడు. మగ్గమెక్కడ అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. పక్కింటి ప్లానే నాకూ కావాలన్నాను. సంతకం నాదే. గుంట పూడ్చిన రోజు మా ఆవిడ అన్నం తినలేదు. మేడ మీద పెట్టుకుందాంలే అన్నాను. గుంట మగ్గం మేడ మీద పెడతామా? మా అబ్బాయి సూరత్ వెళ్ళిపోయాడు. ఇల్లు బాగుంది, మగ్గం చప్పుడే లేదు.

పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి, వంటచోటుతో కలిపి. అంతలో మగ్గం వేస్తే పడుకునేదెక్కడ? 2012లో మన బరంపురం పట్టుకు జి.ఐ. గుర్తింపు వచ్చింది. అది చీరకు వచ్చింది గానీ నేసే గదికి రాలేదు.

అందుకే మూడు మాటలు. మేస్త్రీతో మొదట మగ్గం, గుంట, కిటికీ చెప్పండి, గదులు తర్వాత. అనుమతి లేకుండా అరుగు ముందుకు జరపకండి, జరిపితే రేపు అడిగే మొహం మనకుండదు. ఊరి అభివృద్ధి ప్లాను ముసాయిదా పెట్టినప్పుడు అభ్యంతరాలు, సలహాలు అడుగుతారు. దానికి గడువుంటుంది. ఆ గడువులోగా సంఘాలన్నీ కలిసి ఒక్క అర్జీ పెడదాం: నేతగాడికి ఇల్లే కార్ఖానా, మగ్గం గదికి, ఉమ్మడి గోడకు వీలివ్వండి అని.

నా గుంట పోయింది. మీలో పూడ్చనివాళ్ళు ఇంకా ఉన్నారు. ప్లాను మీద సంతకం పెట్టేముందు ఇంటావిడని ఒక్కమాట అడగండి. సెలవు.