తండ్రి ప్రాణానికి పరిహారం: బిడ్డల హక్కు

(జహీరాబాద్ సభలో 2025 ఆగస్టులో చేసిన ప్రసంగ పాఠం)



జూన్ 30న మన జిల్లాలోని పాశమైలారంలో, సిగాచి పరిశ్రమలో పేలుడు సంభవించింది. మృతులు, ఆచూకీ లేనివారు కలిసి 54 మంది. వారిలో అనేకులు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చినవారు. అక్కడికి మంత్రులు వచ్చారు, కోటి రూపాయల ప్రకటన వెలువడింది. మన ఊరిలో ఒక్క మేస్త్రీ కట్టడంపై నుండి జారిపడి మరణిస్తే ఎవరు వస్తారు? పంచాయితీ పెద్దలు వస్తారు.

అటువంటి ఒక పంచాయితీలో మేమూ కూర్చున్నాము. మృతునికి ముప్ఫై ఏళ్లు, ఇద్దరు పసిబిడ్డలు. గుత్తేదారు యాభై వేలు ఇచ్చి, స్టాంపు కాగితంపై ఆ తల్లి వేలిముద్ర తీసుకున్నాడు. జీవితమంతా ప్రభుత్వ దస్త్రాలు రాసిన మేము సైతం “సర్దుకోమ్మా” అన్నాము. ఆ మాట మమ్మల్ని నేటికీ బాధిస్తున్నది.

ఎందుకంటే, అప్పుడు అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం ఆ కాగితం చెల్లదు. మరణ పరిహారాన్ని యజమాని కమిషనర్ వద్దనే జమ చేయాల్సి ఉండేది. నెల వేతనంలో సగాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాల్సి ఉండేది. 2025 ఆగస్టు నాటి లెక్కలో, నెలకు 15,000 రూపాయలు పొందే ముప్ఫై ఏళ్ల కార్మికునికి గుణకం 207.98, పరిహారం 15,59,850 రూపాయలు. నెలలోగా చెల్లించకుంటే 12 శాతం వడ్డీ కూడా చెల్లించాల్సి ఉండేది.

భార్య, మైనరు కుమారుడు, అవివాహిత కుమార్తె, వితంతువైన తల్లి ఆ చట్టంలో ఆశ్రితులు. వారి వాటాలను కమిషనరే నిర్ణయించేవారు. మైనర్ల వాటాను వారి మేలు కొరకు మదుపు చేయించగలిగేవారు. కనుక ఇది పినతండ్రులు పంచుకునే సొమ్ము కాదు. అనాథల ఆస్తిని అన్యాయంగా తినేవారిని ఖురాన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికుడైతే మార్గం వేరు. వేతనంలో 90 శాతాన్ని పూర్తి రేటుగా తీసుకొని, భార్యకు అందులో అయిదింట మూడు వంతులు, ప్రతి బిడ్డకు అయిదింట రెండు వంతులు పెన్షన్‌గా ఇస్తారు. మొత్తం పూర్తి రేటును మించితే వాటాలు తగ్గుతాయి. కుమారునికి 25 ఏళ్ల వరకు, కుమార్తెకు వివాహం వరకు ఇది అందుతుంది.

1923 చట్టం కింద దరఖాస్తుకు గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉండేది. ఆశ్రితులు తాము నివసించే ప్రాంతంలోనే దరఖాస్తు చేయవచ్చు. ఇద్దత్‌లో ఉన్న సోదరి గడప దాటనవసరం లేదు. నిఖానామా, పిల్లల జనన పత్రాలు, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక సేకరించే బాధ్యత మనం తీసుకోవాలి.

ఇకపై ఏ పంచాయితీలోనూ వేలిముద్ర పడకముందే మమ్మల్ని పిలవండి. ఈసారి “సర్దుకోమ్మా” అనము, దరఖాస్తు రాస్తాము.