హెసిటెంట్లీ: వెనుకాడుటయా, వద్దనుటయా?

(ఉగాది సభలో చేసిన ఉపన్యాసము)



పండుగనాడు ఈ ఇంగ్లీషు పాఠమేమిటని మీరనుకోవచ్చును. కార్యదర్శిగారు మాట్లాడమని అడిగినప్పుడు మేమూ కొంత తటపటాయించాము. ఆ తటపటాయింపే ఈనాటి విషయము.

'హెసిటెంట్లీ' అని ఇంగ్లీషులో ఒక క్రియావిశేషణమున్నది. దాని మూలమైన లాటిను ధాతువునకు అంటుకొనుట, చిక్కుకొనుట అని అర్థము. బండిచక్రము బురదలో దిగబడినట్లు మనిషి మాటకూ మాటకూ నడుమ ఆగిపోతాడన్నమాట. తెలుగువాడు అలా చిక్కుకొనడు, వెనుకకు జరుగుతాడు. అందుకే 'వెనుకాడుతూ' అంటాము. కన్నడములో 'హింజరికె' అన్నా వెనుకకు జారుటయే. 'సంకోచము' సంస్కృతము, ముడుచుకొనుట. ఇక నీళ్లు నమలుట, నసుగుట, జంకుట మన సొంత ఆస్తి. మొగమాటమునకు మాత్రము ఇంగ్లీషులో సరియైన ఒక్క మాట దొరకదు. వారికి ఆ బాధ తక్కువేమో!

తలుపు తట్టుట, చేయి చాచుట, జవాబు చెప్పుట, వీటన్నిటికీ 'హెసిటెంట్లీ' చేర్చవచ్చును. 'హాల్టింగ్లీ' తడబడే మాటకు, నడకకు చెల్లుతుంది. 'జింజర్లీ' అంటే అతి జాగ్రత్తగా అని; అల్లముతో దానికి చుట్టరికము లేదు.

అసలు చిక్కు 'రిలక్టెంట్లీ'తో వచ్చినది. దాని మూలమునకు ఎదురు తిరిగి పెనుగులాడుట అని అర్థము. కాగితము మీద హెసిటెంట్లీ సంతకము పెట్టేవానికి పెట్టవలెనో వద్దో తెలియదు. రిలక్టెంట్లీ పెట్టేవానికి ఇష్టము లేదని బాగా తెలుసు, అయినా పెడతాడు. చూచేవారికి ఇద్దరి కలమూ గాలిలో ఒకే తీరుగా ఆగుతుంది. మేము పొరపడినది అక్కడే.

మాది చింతామణి తాలూకా మురుగమల్ల, దర్గాకు పేరుపడిన ఊరు. 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడేవరకు కోలారు జిల్లాలో ఉండేది. ఇంట తెలుగు, బడిలో కన్నడము. అదే తాలూకాలోని కైవారము నారాయణ తాతయ్యగారు రెండు భాషలలోనూ రచనలు చేసినారు. ఏది ఎవరిదని ఆయన చీలిక తీయలేదు. మేము బెంగుళూరు చేరిన తరువాతనే ఆ చీలికలు నేర్చుకొన్నాము.

రెండేండ్ల క్రిందట ఇలాంటి పండుగనాడే మా మనుమరాలు ఇంటికి వచ్చిన చుట్టాలను 'ఊట అయిందా తాతా?' అని ఆప్యాయముగా పలుకరించినది. కన్నడములో ఊట అంటే భోజనము. 'ఊట బావిలో ఉంటుందమ్మా!' అని ఒకరన్నారు. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము, అందరికంటె గట్టిగా.

అటుతరువాత ఆ పిల్ల తెలుగులో ప్రతి మాటకు ముందు ఆగేది. ఏమడిగినా 'ఊఁ' అనేది. 'దీనికి తెలుగంటే ఇష్టము లేదు, ఈ కాలపు పిల్లలింతే' అని మేము పదిమందిలో తీర్మానము చేసినాము. ఒక రాత్రి వంటింట్లో వాళ్ల అమ్మమ్మను మెల్లగా అడుగుతూండగా విన్నాము: 'అమ్మమ్మా, మనె మనదా, ఇల్లు మనదా? తాత నవ్వకముందే చెప్పు.'

మేము 'రిలక్టెంట్లీ' అని వ్రాసుకొన్న చోట ఆ పిల్ల 'హెసిటెంట్లీ' నిలబడి ఉన్నది. ఇష్టము లేని పిల్ల అర్ధరాత్రి మాట వెతుక్కొనదు గదా.

మరునాడు పిలిచి, తప్పు మాదేనని చెప్పినాము. చెప్పడములో మేమూ కొంచెము నసిగినామని ఒప్పుకొనవలెను.

మా తరువాత ఆమె ఈ వేదికమీద ఉగాది పచ్చడిని గురించి నాలుగు మాటలు చెబుతుంది. 'బేవు బెల్ల' అనవలెనో, 'వేపపువ్వు, బెల్లము' అనవలెనో అని నిన్నటినుండి ఆలోచిస్తున్నది. మధ్యలో ఆగితే మాట అందించకండి, కొంచెము ఓపిక పట్టండి. అదుగో, మెట్టు దగ్గర నిలబడి ఉన్నది. మేము దిగుతున్నాము.