సెగకు బిగిసిన తోలు

ప్రజ్ఞాపూరు కూడలిలో మేము కరీంనగరు బస్సు కొరకు నిలిచియుండగా, ఊరిలోనుండి పోచమ్మ బోనాల డప్పు వినవచ్చెను. ప్రక్కనున్న విద్యార్థి చెవిలోని ఇయర్‌ఫోను తీసి, "హెవీ మెటల్ లెక్కనే ఉన్నది సార్!" అనెను. విద్యుత్ గిటారుల హోరుతో 1960ల తుదిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం కార్మికవాడలలో రూపొందిన సంగీతమది. పెద్దలకది రొద. మాకును మొదట నట్లే తోచినది. కాని డప్పును గూర్చియు ఆ మాట అనినవారు కలరు గదా!

కొయ్య వలయమునకు మేకతోలు బిగించి, వాయించుటకు ముందు గడ్డిమంట కెదురుగా కాచెదరు. సెగకు తోలు బిగిసి నాదము పైకెక్కును. ఒక చేత సన్నని పుల్ల, వేరొక చేత లావుపాటి సిర్ర.

సముద్రమున కావల, మారిషస్ దీవిలో రవాన్ అను వాద్యమొకటి కలదు. అదియు కొయ్య వలయమే, మేకతోలే, నిప్పు సెగయే! పుల్లలు మాత్రముండవు, అరచేతులతో మ్రోయింతురు. ఆఫ్రికా, మడగాస్కరులనుండి బానిసలుగా తేబడినవారు దీనితో పాడిన పాటకు 'సెగా' అని పేరు. మన 'సెగ'తో పోలిక కాకతాళీయమే కాని, వినుటకు ముచ్చటగా నున్నది. బానిసత్వము 1835లో రద్దయిన పిమ్మట చెరకుతోటల కూలికై మన కోరంగి రేవునుండియు జనము పోయిరి. వారి సంతతివారు నేటికిని తెలుగున రామభజన చేయుదురు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభ లచ్చటనే జరిగినవి.

సెగాను దొరలు చిరకాలము మోటుతనముగా నెంచిరి. 1964లో మోర్న్ కొండ పాదమున జరిగిన సభలో టి ఫ్రేర్ అను గాయకుని సెగారాజుగా ప్రకటించిరి. 2014లో యునెస్కో సెగాను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చెను. నేడది ఆ దీవి కంతటికి గుర్తు.

ఆ యేడే తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. అంతకుముందు ధూంధాం వేదికలపై డప్పు మన ప్రాంతపు గొంతుకయై నిలిచినది. వాద్యమునకు గౌరవము దక్కినది, సంతోషమే. అయితే దీవిలో రాజైనవాడు పాడినవాడే. ఇచ్చట? చావునకు, చాటింపునకు దళితుని పిలిచి, అరుగుమీద కూర్చుండుమనని యిండ్లను మే మెరుగుదుము. ఆ యిండ్ల పిల్లలే కళాశాల వేదికపై డప్పు పట్టి ఫోటో దిగుచున్నారు. వారిని తప్పుపట్టుట లేదు. డప్పు నేర్పిన గురువునకు ఇంట కుర్చీ వేసిరా యని మాత్రము అడుగుచున్నాము.

ఆ సాయంకాలము బోనముల ముందు నడచిన డప్పువారు గుడి మెట్లవరకు వచ్చి నిలిచిరి. అంతలో బస్సు వచ్చినది. విద్యార్థి ఎక్కలేదు; ఇయర్‌ఫోను జేబులో వేసికొని అటువైపు నడచెను.