ఊరికి వచ్చిన మానసిక వైద్యం – డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి గారి కృషి
(పేరాలలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమంటే మనం సాధారణంగా బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల దగ్గర ఆగిపోతాం. వాటిని చెప్పుకోవడానికి మనకు మొహమాటం లేదు. డి.ఏ. బకాయిల కన్నా ఎక్కువగా వాటి గురించే మాట్లాడుకుంటాం. ఇంట్లో ఒకరికి మనసు బాగుండకపోతే మాత్రం పక్కింటికి కూడా తెలియనివ్వం. అందుకని ఈరోజు ఒక మానసిక వైద్యుని గురించి చెప్పదలచుకున్నాను. నేను డాక్టరును కాను, ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. గుమాస్తాకు అర్థమైన మేరకే చెబుతాను.

డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి గారు బెంగుళూరు నిమ్హాన్స్‌లో చాలాకాలం ప్రొఫెసరుగా పనిచేశారు. అంతకుముందు చండీగఢ్ పీజీఐలో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ గారి దగ్గర ఉన్నారు. 1970లలో అక్కడ సహోద్యోగులతో కలిసి వారు ఒక చిత్రమైన విషయం మీద పరిశోధన చేశారు. మానసిక విభాగానికి ఒకసారి వచ్చి, మళ్ళీ మొహం చూపించని రోగులు ఎవరు, ఎందుకు రావడం లేదు? ఎదురుగా కూర్చున్న రోగి గురించి పరిశోధన చేసేవారు చాలామంది ఉంటారు. రాని రోగి పేరు కోసం రిజిస్టరు తిరగేసిన డాక్టరును చూస్తే నాబోటి గుమాస్తాకు గౌరవం కలగడంలో వింత లేదు.

రాకపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో చూశాను. మా పిన్ని ఒకావిడకు నేను హైస్కూల్లో ఉండగా జబ్బు చేసింది. ఎవరో పిలుస్తున్నారనేది, రాత్రిళ్ళు వీధిలోకి పోయేది. తాయెత్తులు కట్టించారు, గుడిలో నిద్ర చేయించారు. చివరికి బాబాయి రైల్లో ఒక దూరపు ఊరి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. మూడు నెలలకు మనిషి తేరుకుని వచ్చింది. మాతో కూర్చుని అష్టాచెమ్మా ఆడింది. తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి. అవి ఇక్కడ దొరకలేదు. మళ్ళీ వెళ్ళాలంటే ఇద్దరికి రైలు ఛార్జీలు, అన్నాళ్ళూ మగ్గం ఆగిపోతుంది, పిల్లల్ని చూసేవాళ్ళు లేరు. వెళ్ళలేదు. ఆరు నెలలకు మొదటికొచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళు వెనక గదిలోనే ఉండి, అక్కడే పోయింది. మందు లేక పోయిందని అనను, మందుకూ మా ఇంటికీ మధ్య ఉన్న దూరం వల్ల పోయిందంటాను.

ఆ దూరాన్ని తగ్గించడమే మూర్తిగారి పని అయింది. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు దేశాలలో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. మన దేశంలో అందుకు ఎంచుకున్నది హర్యానాలో రాయ్‌పూర్ రాణి అనే గ్రామీణ ప్రాంతం. జ్వరాలకు, కాన్పులకు వెళ్ళే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మతిభ్రమకు, మూర్ఛకు, దిగులు జబ్బుకు వైద్యం చేయవచ్చా అన్నది ప్రశ్న. మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టరుకు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ ఇచ్చి చూశారు. చేయవచ్చని తేలింది. బెంగుళూరు దగ్గర సకలవారలో నిమ్హాన్స్ వారూ అదే కాలంలో ఇలాంటి పనే చేశారు. ఈ అనుభవాల ఆధారంగానే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది.

కాగితం మీద కార్యక్రమం రావడం వేరు, జిల్లాలో నడవడం వేరు. ఇది మన వృత్తివారికి వేరే చెప్పనక్కరలేదు. నడిపించి చూపింది బళ్ళారిలో, 1985 నుంచి 1990 వరకు. బళ్ళారి కర్ణాటకలో ఉన్నా అక్కడ తెలుగు మాట్లాడేవారు ఎందరో. సుమారు 20 లక్షల జనాభా గల జిల్లా. నిమ్హాన్స్ బృందంలో మూర్తిగారితో బాటు డాక్టర్ మోహన్ ఐజాక్, డాక్టర్ సి.ఆర్. చంద్రశేఖర్ వంటివారు ఉన్నారు. వారు చేసినదాంట్లో అద్భుతం ఏమీ లేదు. ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు శిక్షణ, అవసరమైన నాలుగైదు రకాల మందులు ఎప్పుడూ నిల్వ ఉండడం, రోగికొక తేలిక రికార్డు, తేదీకి రాకపోతే ఇంటికి వెళ్ళి అడిగే మనిషి, పైనుంచి క్రమం తప్పని సమీక్ష. ఇండెంటు, రిజిస్టరు, టపా! మా పిన్నికి కావలసింది ఇదే. బళ్ళారి నమూనా మీదే 1996లో కేంద్రం నాలుగు జిల్లాలలో పథకం పెట్టింది. అందులో అప్పటి మన రాష్ట్రం నుంచి మెదక్ ఒకటి. తర్వాత జిల్లాలు పెరిగాయి గానీ, చాలాచోట్ల డాక్టరు పోస్టులు ఖాళీ, మంజూరైన డబ్బు ఖర్చు కాదు. ఈ లోపాలను మూర్తిగారే తమ వ్యాసాలలో ఎత్తిచూపారు. తాను పెంచిన పథకాన్ని తానే తనిఖీ చేయడం నాకు నచ్చింది.

భోపాల్ సంగతి కూడా చెప్పాలి. 1984 డిసెంబరులో విషవాయువు లీకైన తర్వాత అందరి దృష్టి కళ్ళు, ఊపిరితిత్తుల మీదే ఉంది. 1985లో మూర్తిగారు, ఐజాక్ గారు అక్కడి డాక్టర్లకు బాధితుల మానసిక బాధను గుర్తించడం నేర్పారు. ఇది చదివినప్పుడు నాకు 1977 నవంబరు ఉప్పెన జ్ఞాపకం వచ్చింది. అప్పుడు నేను కొత్త గుమాస్తాను. సహాయం జాబితాలు రాశాం. ఇల్లు, పశువు, బియ్యం అని గడులుండేవి. బిడ్డలు కొట్టుకుపోయిన తల్లి మాట్లాడడం మానేస్తే రాయడానికి గడి లేదు.

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వార్షిక నివేదికను పూర్తిగా మానసిక ఆరోగ్యానికే కేటాయించింది. దానికి ప్రధాన సంపాదకులు మూర్తిగారు. అందులోని మొదటి సిఫార్సు, ఈ వైద్యం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలని. ఆ ఏడాది ఆగస్టులోనే తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు అగ్నిప్రమాదంలో కాలిపోయారు. వాళ్ళను అక్కడ వదిలింది పగవాళ్ళు కాదు, కుటుంబాలే. దగ్గరలో వేరే దారి కనబడక.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. అయినా 2016లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల సర్వే ప్రకటించినప్పుడు, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఇందులో పథకాల తప్పు కొంత, మన సిగ్గు కొంత. 1921లో పన్ను కట్టమని ఇళ్ళు వదిలి పాకల్లో కాపురం పెట్టిన చీరాల పేరాల వారి మనవలం, ఒక మాత్ర గురించి పక్కింటివాడు ఏమనుకుంటాడో అని భయపడుతున్నాం.

మనలో భార్య పోయాక అన్నం మానేసినవారున్నారు, నిద్ర పట్టక తెల్లవార్లూ అరుగు మీద కూర్చునేవారున్నారు. వయసు మీద పడిందిలే అని వదిలేయకండి, డాక్టరుకు బి.పి.తో బాటు అదీ చెప్పండి. మాత్రలు వాడుతున్న పిల్లలుంటే, బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపించకండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలి మానస్ అని ఉచిత ఫోను సౌకర్యం పెట్టింది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును మన నోటీసు బోర్డు మీద, లైఫ్ సర్టిఫికెట్ల ప్రకటన పక్కనే, పెద్ద అక్షరాలతో రాయించమని కార్యదర్శి గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.