ఇల్లు కొనేముందు నేల కొలిపించండి



హోసూరు సిప్‌కాట్‌లో పనిచేసే కార్మికుడైనా, శూలగిరి పక్కన కూరగాయలు పండించే రైతైనా ఒక సైటు కొనాలంటే ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము తీయాలి. అది చాలకపోతే ఇంట్లో బంగారం కుదువ పెట్టాలి. ఆ సొమ్ము చేతులు మారకముందే చేయించవలసిన పని ఒకటుంది. అదే కొలత. ఈరోజు దాన్ని గురించి మాట్లాడుకుందాం.

"రిజిస్టరు అయింది కదా, ఇంకేం భయం?" అనే మాట మనం తరచు వింటాం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదయ్యేది పత్రం. అందులో రాసిన హద్దులు నేలమీద ఉన్నాయా లేదా అని గొలుసు పట్టి చూడడం వారి పని కాదు. అది కొనేవారి బాధ్యత. ముప్ఫై అడుగులకు నలభై అని పత్రంలో ఉండి, ముందువైపు రెండడుగులు తగ్గిందనుకోండి. నలభై అడుగుల పొడవునా లెక్కవేస్తే 80 చదరపు అడుగులు పోయినట్టే. ఒక వంటగదికి సరిపోయే జాగా అది.

మన ప్రాంతానికి భూమి కొలత కొత్త కాదు. 1792లో బారామహల్ టిప్పు సుల్తాను నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఈ కృష్ణగిరి చుట్టుపక్కల పొలాలను ఒక్కొక్కటిగా కొలిపించారు. తర్వాత దత్త మండలాలకు కలెక్టరుగా వెళ్లి, రాయలసీమలో మన్రో దొరగా పేరుపడింది ఆయనే. ఆ పైన జరిగిన సర్వేల్లో పొలానికొక నంబరు, ఒక పటం, మూలల్లో రాళ్లు ఏర్పడ్డాయి. ఆ పటాల పుస్తకాన్నే ఎఫ్.ఎం.బి. అంటారు. మీరు కొనబోయే సర్వే నంబరు పటం తమిళనాడు రెవెన్యూ శాఖ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. ముందు అది చేతిలో పెట్టుకోండి.

కొలత అంటే అన్నిచోట్లా ఒకటే కాదు. కొనేదాన్ని బట్టి కొలత.

మొదటిది, లేఅవుట్‌లో సైటు. అనుమతి పొందిన లేఅవుట్ నక్షా చూపించమని అడగండి. 2016 అక్టోబరు 20 నుంచి అనుమతి లేని లేఅవుట్ సైట్లను కొత్తగా రిజిస్టరు చేయకూడదనే నిబంధన అమల్లోకి వచ్చింది. నక్షాలో రోడ్డు ఎంత వెడల్పు, పార్కు ఎక్కడ, మీ సైటు నంబరు ఏది అన్నవి చూసి, నాలుగు పక్కలా టేపు పట్టండి. నాలుగు పక్కలూ సరిపోయినా మూలలు వంకరగా ఉండవచ్చు. కాబట్టి మూల నుంచి మూలకు అడ్డంగా కూడా కొలవాలి.

రెండవది, రైతు పొలంలో ఒక ముక్క. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. అన్నదమ్ములందరి పేరునా ఉమ్మడి పట్టా ఉంటుంది. ఎవరి భాగం ఎక్కడిదాకా అన్నది వాళ్ల నోటిమాటే తప్ప పటంలో ఉండదు. సబ్ డివిజన్ చేయించి, ఆ ముక్కకు విడిగా నంబరు, పట్టా వచ్చిన తర్వాత కొనడం మంచిది. పక్కన ఏరి, ఓడై, పొరంబోకు ఏదైనా ఉంటే దాని హద్దు కూడా చూసుకోవాలి.

మూడవది, కట్టిన పాత ఇల్లు. ఊరి నడుమ ఇళ్లు నత్తం భూమిలో ఉంటాయి. పట్టణంలో అయితే వార్డు, బ్లాకు, టౌన్ సర్వే నంబరు ఉంటాయి. ఈ రికార్డులు పొలం రికార్డులకు వేరు. ఇక్కడ నేలతోపాటు కట్టడాన్ని కూడా చూపించాలి. పక్కింటి గోడ ఉమ్మడిదా, చూరు నీళ్లు ఎవరి జాగాలో పడతాయి, నడవ ఎవరిది అని అడగాలి. గోడల పగుళ్లు, మిద్దె కారడం గురించి ఒక ఇంజనీరు చెప్పాలి, సర్వేయరు కాదు.

కొలిచేదెవరు? ప్రైవేటు సర్వేయరును పిలిస్తే పని త్వరగా అవుతుంది. విస్తీర్ణం తెలుసుకోవడానికి అది చాలు. కాని పక్కవారితో హద్దు తగాదా ఉంటే ప్రభుత్వ సర్వేయరు కొలతకే విలువ. దానికి అర్జీ పెట్టవలసింది పట్టాదారు, అంటే అమ్మేవారు. అడ్వాన్సు ఇచ్చేముందే ఈ మాట అడగండి. "కొలిచి తేలినదానికే డబ్బు" అని అగ్రిమెంటులో రాయించండి. కొలిచే రోజు పక్క సైటువారిని కూడా పిలవండి. ఆనాడు వారు ఒప్పుకున్న రాయి రేపు మీకు సాక్ష్యం.

లెక్కల విషయం ఒకటి చెప్పాలి. మన సరిహద్దులో ఒకరు సెంటు అంటారు, కర్ణాటక పక్క గుంట అంటారు, పట్టాలో హెక్టారు, ఆరు అని ఉంటుంది. సెంటుకు 435.6 చదరపు అడుగులు. గుంట అంటే 1,089 చదరపు అడుగులు, అంటే రెండున్నర సెంట్లు. ఒక ఆరు అంటే 100 చదరపు మీటర్లు, సుమారు 1,076 చదరపు అడుగులు. బేరం ఏ లెక్కలో ఆడినా, పత్రంలో చదరపు అడుగులు కూడా రాయించండి.

చివరగా ఇంకొక మాట. మన ఇంట్లో మాట తెలుగు, పత్రం తమిళం. చదవడం రానివారు సిగ్గుపడవద్దు. తమిళం చదువుకున్న మీ పిల్లల చేతనో, నమ్మకమైన వకీలు చేతనో నాలుగు హద్దులూ బయటికి చదివించుకోండి. "తూర్పున దారి" అని పత్రంలో ఉంటే, సైటులో తూర్పుకు తిరిగి నిలబడి ఆ దారి ఉందేమో కళ్లారా చూడండి. చూసిన తర్వాతే సంతకం చేయండి.

కొలతకు అయ్యే ఖర్చు సైటు ధర ముందు చాలా చిన్నది. అది మిగిల్చామనుకుని తర్వాత కోర్టు మెట్లు ఎక్కితే, పోయేది డబ్బు ఒక్కటే కాదు. గోడకు అవతలి మనిషితో బతుకంతా పలకరింపు పోతుంది.