పెరట్లో టెంకల కుప్ప – ఆకలి గుర్తు కాదు, మన విద్య

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఆగస్టు 9. ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల కోసం ఏర్పడిన కార్యబృందం 1982లో మొదటిసారి సమావేశమైన రోజు ఇది. 1994లో ఐక్యరాజ్యసమితి దీన్ని ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించింది. ఏటా ఈ వేదిక మీద భూమి గురించి, భాష గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. ఈ ఏడు వాటితోపాటు ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడాలని సంఘంలో అందరం అనుకున్నాం. అది మామిడి టెంక.

కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. కానీ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త ఆలోచించండి. హాస్టల్లో మన పిల్లవాడు "మా ఇంట్లో టెంక అంబలి కాస్తారు" అంటే పక్కవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి పిల్లవాడు ఆ మాట మళ్లీ ఎత్తడు. ఇంటికొచ్చాక అవ్వను అడగడు. అవ్వ కూడా చెప్పదు. అలా ఒక తరంలో ఒక విద్య పోతుంది. ఆ విద్య సగం పోయి సగం మిగిలితే ఇంకా ప్రమాదం. మా మాటలో అసలు సంగతి అదే.

మన ఏజెన్సీలో మామిడి లేని ఊరు లేదు. పెరట్లో ఒకటి, పొలం గట్టున రెండు, కొండవారన లెక్కలేనన్ని. అన్నీ నాటు చెట్లే. పీచు ఎక్కువ, టెంక పెద్దది. కాపు బాగా కాసిన ఏడు పండు తినలేక, అమ్ముకోలేక రాలి పోతుంది. తిన్నవాటి టెంకలు, తాండ్రకు రసం తీసినవాటి టెంకలు పెరట్లో కుప్ప పడతాయి. ఈగలు ముసురుతాయి. మూడు వానలు పడితే ఆ కుప్ప కుళ్లిపోతుంది. ఆ కుప్పతో ఏం చెయ్యాలన్నదే ప్రశ్న.

టెంక పగలగొడితే లోపల పప్పు ఉంటుంది. దాన్నే జీడి అంటాం. ఎండిన జీడిలో సగానికి పైగా పిండి పదార్థమే. కొంత కొవ్వు, కొంత మాంసకృత్తులు ఉంటాయి. అంటే కడుపు నింపే సరుకే. కానీ పచ్చిగా నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారేంత వగరు. ఆ వగరుకు కారణం టానిన్లు అనే పదార్థాలు. తోళ్లు పదును పెట్టడానికి తంగేడు చెక్కలో ఉండేవి కూడా ఇవే. ఇవి కడుపులోకి ఎక్కువగా వెళితే తిన్నది ఒంటపట్టదు, కడుపు పాడవుతుంది.

ఈ టానిన్ల పేరు మన అవ్వలకు తెలియదు. వాటిని తీసే పద్ధతి మాత్రం తెలుసు. టెంకలను కడిగి, బండ మీద పరిచి, గలగలమనే దాకా ఎండబెట్టారు. పగలగొట్టి జీడి తీసి, మళ్లీ ఎండబెట్టి, రోట్లో దంచారు. ఆ పిండిని గుడ్డలోనో ఆకులు పరిచిన బుట్టలోనో పోసి, పారే గెడ్డలో పెట్టారు. నీళ్లు వగరును మోసుకుపోతాయి, పిండి అడుగున నిలుస్తుంది. రోజూ చిటికెడు నాలుక మీద వేసుకుని చూసి, వగరు పోయిందనుకున్నాకే పొయ్యి మీద పెట్టారు. చోడి పిండి కలిపి అంబలి కాశారు. చన్నీళ్లతో కడిగితే వగరు పోతుంది, పిండి పోదు. ఇది బడిలో నేర్పని రసాయన శాస్త్రం.

ఇది మన ఒక్కరి తెలివే అనుకోకండి. అమెరికాలోని కాలిఫోర్నియాలో మీవాక్, పోమో, కరూక్ వంటి ఆదివాసీ తెగలున్నాయి. వాళ్లకు మామిడి లేదు, ఓక్ చెట్లున్నాయి. ఆ చెట్ల గింజలు కూడా రాశులుగా రాలతాయి, వాటిలోనూ ఇదే వగరు. వాళ్లు ఆ గింజలను ఎండబెట్టి, బండరాళ్లలో తొలిచిన గుంటల్లో దంచి, ఏటి పక్కన ఇసుకలో గుంట చేసి, పిండి పోసి, నీళ్లు మళ్లీమళ్లీ పోసి వగరు తీశారు. గట్టిగా అల్లిన బుట్టల్లో పిండి, నీళ్లు పోసి, కాల్చిన రాళ్లు వేసి జావ కాచారు. అక్కడ ఒకే బండ మీద 1,185 దంపుడు గుంటలున్న చోటును ప్రభుత్వం పార్కుగా కాపాడుతోంది. కొరియాలో అదే గింజల పిండితో చేసే దోతోరిముక్ అనే హల్వాలాంటి పదార్థాన్ని నేటికీ హోటళ్లలో డబ్బిచ్చి తింటారు. వాళ్లెవరూ మనల్ని చూడలేదు, మనం వాళ్లను చూడలేదు. వగరు గింజ, పారే నీరు, ఓపిక గల ఆడవాళ్ల చేతులు ఉన్నచోట ఇదే విద్య పుట్టింది. ఒకచోట గౌరవం, ఒకచోట నవ్వు. తేడా గింజలో లేదు, చూసే కళ్లలో ఉంది.

ఇప్పుడు చేదు మాట చెప్పాలి. 2001లో మన పొరుగున ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఆదివాసీలు చాలామంది చనిపోయారు. టెంక అంబలి వల్ల అని ప్రభుత్వం అంది. ఆకలి వల్ల అని ప్రజాసంఘాలు అన్నాయి. 2024 చివర్లో కంధమాల్ జిల్లా మండిపంక గ్రామంలో టెంక అంబలి తాగిన మహిళలు చనిపోయారు. అప్పుడూ అదే వాదన జరిగింది.

ఈ రెండింటి నుంచి మనం నేర్చుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది, బూజు. టెంక సరిగా ఎండకపోతే, తడిగా ఉన్నప్పుడే ప్లాస్టిక్ గోనెలో కట్టి అటక మీద పెడితే, వానాకాలం గాలికి లోపల బూజు పడుతుంది. కొన్ని బూజుల విషం ఎంత ఉడకబెట్టినా పోదు. వగరును గెడ్డ కడుగుతుంది కానీ బూజు విషాన్ని కడుగుతుందని నమ్మకూడదు. అందుకే నల్లబడ్డ జీడి, పురుగు పట్టిన జీడి, ముక్క వాసన వేసే జీడి ఎంత ఉన్నా పారబోయాల్సిందే. నిరుటి పిండి, నాలుగు రోజులు నిలవున్న అంబలి ముట్టుకోవద్దు. తాగిన తర్వాత వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంట్లో చూద్దాంలే అనకుండా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సగం విద్య ప్రమాదమని మేం అన్నది ఇందుకే. అంబలి కాయడం గుర్తుండి, ఎండబెట్టడం మరిచిపోతే ప్రాణం పోతుంది.

రెండోది, హక్కు. టెంక అంబలి మన ఇష్టంతో తాగేది కావాలి, గతిలేక తాగేది కాకూడదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి నెలకు 35 కిలోల ధాన్యం, మిగతా అర్హులకు మనిషికి 5 కిలోలు అందాలి. బియ్యం రాని ఊరివాళ్లతో "మీకు టెంకలున్నాయిగా" అనే హక్కు ఎవరికీ లేదు. మన పిల్లలు మన తిండి గురించి గర్వంగా చెప్పుకోవాలి. అదే నోటితో డిపోలో బియ్యం ఎందుకు రాలేదో కూడా అడగాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఇక పెరట్లో కుప్ప సంగతికి వద్దాం. అంతా అంబలికే అక్కర్లేదు. నాలుగు దారులు చెబుతాం.

మొదటి దారి, మొక్కలు. పండు తిన్న కొద్ది రోజుల్లోనే టెంక పాతాలి. మామిడి గింజ ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది, నెల దాటితే చాలావరకు మొలవదు. పై పెంకును జాగ్రత్తగా తీసి జీడిని నాటితే త్వరగా మొలుస్తుంది. నాటు టెంక నుంచి వచ్చిన మొక్క మీదే నర్సరీలవాళ్లు అంట్లు కడతారు. పది ఇళ్ల టెంకలు ఒకచోట చేర్చితే ఒక చిన్న నర్సరీ అవుతుంది. అంటు కట్టడం నేర్చుకున్న కుర్రాడికి ఊళ్లోనే పని దొరుకుతుంది. మన కొండల మీది మంచి రుచి గల నాటు చెట్లు ఒక్కొక్కటే నరికివేతకు పోతున్నాయి. వాటి కొమ్మతో అంటు కడితే ఆ రుచి మిగులుతుంది.

రెండో దారి, అమ్మకం. జీడిలోని కొవ్వు మామూలు వేడిలో గట్టిగా ఉంటుంది, నోట్లో కరుగుతుంది. సబ్బుల్లో, ఒంటికి రాసుకునే క్రీముల్లో వాడతారు. ఐరోపా దేశాలు 2000లో చేసిన నిబంధన ప్రకారం చాక్లెట్‌లో కోకో వెన్నతోపాటు 5 శాతం వరకు కలపడానికి ఆరు రకాల చెట్ల కొవ్వులకే అనుమతి ఉంది. వాటిలో మామిడి జీడి కొవ్వు ఒకటి, మన అడవుల్లో దొరికే గుగ్గిలం గింజల కొవ్వు ఇంకొకటి. మనల్ని చూసి నవ్వినవాళ్ల చేతిలోని చాక్లెట్‌లో మన పెరటి సరుకు ఉండొచ్చు. అయితే ఆ కొవ్వు తీసేది ఫ్యాక్టరీలు, ఇంట్లో గానుగతో అయ్యే పని కాదు. కాబట్టి మనం అమ్మేది ఎండు జీడి. కొనేవాడు ఎవరో, ధర ఎంతో ముందు తెలుసుకుని తర్వాతే ఏరండి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ బ్రాంచిలో, మీ దగ్గర్లో వన్ ధన్ కేంద్రం ఉంటే అక్కడ, ఈ ఏడు కొనుగోలు జాబితాలో జీడి ఉందా అని అడగండి. ఒక్కొక్కరు సంతకు మోస్తే షావుకారు చెప్పిందే ధర. ఇరవై ఇళ్లు కలిసి, బాగా ఎండబెట్టి, తూకం మన దగ్గరే వేసుకుని వెళితే మాట మనది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, సేకరణ, అమ్మకం హక్కులు మనకు ఇచ్చింది. కొండ మీది మామిడికీ ఆ ధైర్యంతోనే వెళ్లండి.

మూడో దారి, పెంకు. జీడి తీసిన తర్వాత మిగిలే పై పెంకు ఎండితే మంచి వంటచెరకు. వానాకాలం పుల్లలు తడిసినప్పుడు పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. కుళ్లిన టెంకలుంటే పేడతో కలిపి ఎరువు గుంటలో వేయండి. బూజు పట్టిన జీడిని పశువులకు కూడా పెట్టవద్దు. మనకు విషమైనది వాటికి మేత కాదు.

నాలుగో దారి, అంబలి. ఇది అందరికంటే ఆఖరున చెప్పింది తక్కువని కాదు, నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టేదని. పుస్తకం చదివి చేసేది కాదు. పక్కన కూర్చుని చూడాలి. ఎంత ఎండితే గలగలమంటుందో చెవికి తెలియాలి. వగరు పోయిందో లేదో నాలుకకు తెలియాలి. ఏ గెడ్డ నీరు మంచిదో, ఏ గెడ్డలో పైనుంచి పురుగుమందు కలుస్తోందో ఊరివాళ్లకే తెలుసు.

అందుకే సంఘం తరఫున మీకు ఒక పని ఇస్తున్నాం. మీ ఊళ్లో ఈ పని తెలిసిన అవ్వలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, ఆమె ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఆమె మాట్లాడే భాషలోనే చేయండి, తెలుగులోకి మార్చవద్దు. బుట్ట పేరు, గుడ్డ పేరు, పిండి ప్రతి దశలో ఏమని పిలుస్తారో ఆ మాటలు రాసుకోండి. ఎన్ని రోజులు ఎండ, ఎన్ని రోజులు గెడ్డ, దేన్ని పారేస్తారు అన్నవి తప్పకుండా అడగండి. "దేన్ని పారేస్తారు" అన్న ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. కాశీపూర్, మండిపంక మనకు చెప్పింది అదే.

వచ్చే ఎండాకాలం మామిడి కొత్త పెట్టుకుని మొదటి పండు తిన్న రోజునే ప్రతి పెరట్లో ఒక బండ శుభ్రం చేసి ఉంచండి. టెంకలు కడిగి దాని మీద ఆరబెట్టండి. ఎన్ని పాతాలో, ఎన్ని అమ్మాలో, ఎన్ని అవ్వ చేతికి ఇవ్వాలో ఇంట్లో అందరూ కూర్చుని పంచుకోండి. వచ్చే ఆగస్టులో ఇదే సభకు మీరు రాసుకున్న మాటలు, పెంచిన మొక్కలు తీసుకురండి. ఆ రోజు ఈ మైకు ముందు మాట్లాడేది మేము కాదు, మీరు.

జై ఆదివాసీ. జోహార్.